నైలాన్, పీపీ కలిపితే ఉల్లిపొరలా ఊడుతోంది. కంపాటిబిలైజర్ వేసినా ఎందుకిలా?

చర్లపల్లి_గ్రాన్యూల్స్

అందరికీ నమస్కారం. చర్లపల్లిలో చిన్న కాంపౌండింగ్ యూనిట్ (ప్లాస్టిక్‌లను కరిగించి కలిపి గ్రాన్యూల్స్ చేసేది) నడుపుతున్నాను. 40 ఎంఎం ట్విన్ స్క్రూ ఎక్స్‌ట్రూడర్ (రెండు స్క్రూలతో కరిగించి కలిపే మిషన్) ఒక్కటే ఉంది. ఆఫీసు కుర్చీల కింద చక్రాలు మౌల్డ్ చేసే పార్టీ ఒకరు నైలాన్ 6 వాడుతున్నారు. నైలాన్ నీళ్ళు పీల్చి సైజు మారుతోందని, రేటు కూడా తగ్గాలని అడిగారు. 70 పాళ్ళు నైలాన్ 6, 30 పాళ్ళు పీపీ (పాలీప్రొపిలీన్) కలిపి ఇచ్చాను. రెండూ కలవవని తెలుసు కాబట్టి డీలర్ దగ్గర ‘మాలిక్ గ్రాఫ్టెడ్’ అని అమ్మే కంపాటిబిలైజర్ (రెండింటినీ అతికించే మెటీరియల్) కొని 3 శాతం వేశాను.

గ్రాన్యూల్స్ చూడ్డానికి బాగానే ఉన్నాయి. మౌల్డ్ చేశాక గేటు (ప్లాస్టిక్ అచ్చులోకి దూరే సందు) దగ్గర గోరుతో గీకితే పలుచటి పొర లేచి వస్తోంది. దాన్ని పట్టి లాగితే ఉల్లిపాయ తొక్కలా అంగుళం పొడవు ఊడుతోంది. అరచేయంత ఎత్తు నుంచి సుత్తితో కొడితే పదింటిలో ఆరు పగులుతున్నాయి. 500 కిలోలు వెనక్కి వచ్చాయి. కంపాటిబిలైజర్ 6 శాతానికి పెంచి చూశాను. ముక్క కాస్త మెత్తబడింది కానీ పొర ఊడటం ఆగలేదు. పార్టీ పది రోజులు గడువు ఇచ్చారు, చాలా టెన్షన్‌గా ఉంది. తప్పు ఎక్కడుందో చెప్పగలరా?

రిటైర్డ్_కాంపౌండర్

మీరు రాసిన విధం బాగుంది, ఏం చూశారో కళ్ళకు కట్టినట్టు చెప్పారు. గేటు దగ్గరే ఎందుకు ఊడుతోందంటే, అక్కడ మెల్ట్ (కరిగిన ప్లాస్టిక్) అన్నిటికన్నా వేగంగా పోతుంది. నైలాన్‌ను అంటిపెట్టుకోని పీపీ బొట్లు ఆ వేగానికి సాగి పలుచటి రేకుల్లా పరుచుకుంటాయి, అవి అలాగే గడ్డకడతాయి. గోటికి వచ్చేవి ఆ రేకులే.

కొన్ని సంగతులు చెప్పండి. పీపీ ఏ గ్రేడు? నైలాన్ ఆరబెట్టేది మామూలు హాట్ ఎయిర్ డ్రయర్‌లోనా, డీహ్యుమిడిఫైయర్‌లోనా? ఆ కంపాటిబిలైజర్‌కు డేటా షీట్ ఉందా? బ్యాగు తెరిచి ఎన్నాళ్ళయింది? డై (మిషన్ చివరి రంధ్రం) నుంచి బయటికి వచ్చేటప్పుడు స్ట్రాండ్ (ప్లాస్టిక్ తీగ) ఎలా ఉంది, నిలకడగా వస్తోందా, ఉబ్బుతూ సన్నబడుతూ వస్తోందా?

చర్లపల్లి_గ్రాన్యూల్స్

పీపీ మామూలు ఇంజెక్షన్ హోమోపాలిమర్, ఎంఎఫ్‌ఐ (కరిగినప్పుడు ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే అంకె) 11. నైలాన్ కొత్త మెటీరియలే, రీగ్రైండ్ కాదు. హాట్ ఎయిర్‌లో 80 డిగ్రీల దగ్గర 4 గంటలు ఆరబెడతాను. కంపాటిబిలైజర్ బ్యాగు తెరిచి రెండు నెలలైంది, నోరు తాడుతో కట్టి ఉంచాం. డేటా షీట్ అడిగితే పంపిస్తామన్నారు, ఇంతవరకు రాలేదు. మిషన్ వేడి జోన్లు 200 డిగ్రీల నుంచి మొదలుపెట్టి 240 దాకా. స్ట్రాండ్ మాత్రం మీరన్నట్టే ఉబ్బుతూ సన్నబడుతూ వస్తోంది. రోజుకు నాలుగైదు సార్లు తెగుతుంది కూడా.

అక్రాన్_పాలిమర్

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని అక్రాన్‌లో పాలిమర్ సైన్స్ చదువుతున్నాను. మాది గుంటూరు. నాకు తెలిసింది రాస్తాను.

చిన్న అణువులైతే కలిపి కదిపితే చాలా వరకు కలుస్తాయి, ఎందుకంటే కలవడం వల్ల చిందరవందరతనం బాగా పెరుగుతుంది. పాలిమర్ గొలుసులు వేల ముక్కలు కలిసిన పొడుగాటివి. కలిసినా ఆ లాభం దాదాపు ఉండదు. అందుకే ఏ రెండు ప్లాస్టిక్‌లు తీసుకున్నా చాలావరకు విడివిడిగానే ఉంటాయి. వాటిలో వాటికి కలిసేవి తక్కువ. పీపీఓ (పాలీఫెనిలిన్ ఆక్సైడ్), పాలీస్టైరీన్ అలాంటి అరుదైన జంట. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1966లో నోరిల్ పేరుతో అమ్మకానికి తెచ్చింది ఆ జంటనే.

నైలాన్, పీపీలకు ఆ అదృష్టం లేదు. నైలాన్‌లో అమైడ్ గుంపులున్నాయి, నీటిని ఇష్టపడుతుంది. పీపీ అచ్చంగా మైనం లాంటిది. అందుకని పీపీ గొలుసుకు మాలిక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనాన్ని అంటుకడతారు (గ్రాఫ్టింగ్ అంటే ఇదే), మామిడికి అంటుకట్టినట్టే. ఎక్స్‌ట్రూడర్‌లో కరిగినప్పుడు నైలాన్ గొలుసు కొసన ఉండే అమైన్ ఆ అన్‌హైడ్రైడ్‌తో కలిసి ఇమైడ్ బంధం ఏర్పడుతుంది. అంటే సరిహద్దు దగ్గరే కొత్త అణువు పుడుతుంది, సగం పీపీ, సగం నైలాన్. అది రెండువైపులా కాళ్ళు దిగేసి నిలబడుతుంది. పీపీ బొట్లు మళ్ళీ ఒకదానితో ఒకటి కలిసి పెద్దవి కాకుండా అదే ఆపుతుంది.

అమైన్ చాలకపోవడం వల్ల అనుకోకండి. లెక్క చూద్దాం. 100 కిలోల బ్యాచ్‌లో 1 శాతం మాలిక్ ఉన్న కంపాటిబిలైజర్ 3 కిలోలు వేస్తే అందులో 30 గ్రాముల మాలిక్. దాని అణుభారం 98, అంటే 0.3 మోల్. 70 కిలోల నైలాన్‌లో కిలోకు 45 మిల్లీమోల్ అమైన్ కొసలుంటాయనుకుంటే 3 మోల్ దాటుతుంది. పదింతలు ఉంది. కాబట్టి మీ ఇబ్బంది నైలాన్ వైపు లేదు.

పైసా ఖర్చు పెద్దగా లేని ఒక టెస్ట్ ఉంది, మోలౌ టెస్ట్ అంటారు. 85 శాతం ఫార్మిక్ ఆమ్లంలో నైలాన్ కరుగుతుంది, పీపీ కరగదు. మీ గ్రాన్యూల్స్‌ను బ్లేడుతో సన్నగా చెక్కి, రెండు చిటికెల పొడి 10 మిల్లీలీటర్ల ఆమ్లంలో వేసి, గట్టిగా కుదిపి, రాత్రంతా వదిలేయండి. కంపాటిబిలైజర్ లేని బ్యాచ్‌ది పక్కనే ఇంకో ట్యూబులో పెట్టండి. బంధం ఏర్పడకపోతే పీపీ పైకి తేలి కింద తేటగా ఉంటుంది. ఏర్పడితే మొత్తం పాలలా అలాగే నిలిచిపోతుంది. ఫార్మిక్ ఆమ్లం చర్మం మీద పడితే బొబ్బలెక్కిస్తుంది. దగ్గర్లో కాలేజీ ల్యాబ్ ఉంటే ఫ్యూమ్ హుడ్ కింద, గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని చేయించండి.

బాలానగర్_మౌల్డర్

అన్నా, నేను పదిహేనేళ్ళుగా నైలాన్ మౌల్డ్ చేస్తున్నాను. కంపాటిబిలైజర్ ఒకేసారి 10 శాతం వేసి చూడు. తక్కువైతే పట్టదు.

ఇంకో మాట. మిషన్‌లోంచి తీసిన వెంటనే సుత్తితో కొట్టి చూడొద్దు. నైలాన్ ఎండుగా ఉన్నప్పుడు పెళుసు. మేమైతే ముక్కలను వేడినీళ్ళలో వేసి తేమ పట్టించాకే పార్టీకి చూపిస్తాం. నువ్వు చెప్పిన పదిలో ఆరులో కొన్ని అందువల్లే కావచ్చు.

రిటైర్డ్_కాంపౌండర్

తేమ గురించి బాలానగర్ తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. పాత బ్యాచ్, కొత్త బ్యాచ్ ఒకే తేమలో పోల్చకపోతే లెక్కంతా తప్పుతుంది.

10 శాతం మాటతో మాత్రం ఒప్పుకోలేను. అంటుకట్టేటప్పుడు పెరాక్సైడ్ వేస్తారు కదా, అది పీపీ గొలుసులను తెగ్గొడుతుంది కూడా. అందుకే గ్రాఫ్టెడ్ పీపీ ఎంఎఫ్‌ఐ మామూలు పీపీ కన్నా చాలా ఎక్కువ. పొట్టి గొలుసుల మెటీరియల్ అన్నమాట. సరిహద్దు నిండాక మిగిలింది పీపీలోనే ఉండి బలం తగ్గిస్తుంది. ఇలాంటి బ్లెండ్‌లో 3 నుంచి 5 శాతంలో పనవుతుంది. 6 వేసినా పనవలేదంటే తక్కువై కాదు, మెటీరియల్‌లోనే ఏదో తేడా ఉంది.

ఇంకొకటి గమనించండి. మీ మొదటి జోన్ 200. పీపీ 165 దగ్గరే కరిగిపోతుంది, నైలాన్ 220 దాకా గింజగానే ఉంటుంది. అంటే మొదట కాసేపు కరిగిన పీపీలో నైలాన్ గింజలు ఈదుతుంటాయి. నైలాన్ కరిగాక అంతా తిరగబడి, ఎక్కువ పాళ్ళున్న నైలాన్ బయటి సముద్రం కావాలి, పీపీ లోపలి బొట్లు కావాలి. ఆ తిరగబడటానికి నైలాన్ కరిగిన తర్వాత నీడింగ్ బ్లాక్‌లు (పిండిలా పిసికే స్క్రూ ముక్కలు) ఉండాలి. మీ స్క్రూలో నీడింగ్ అంతా ముందే ఉండి, తర్వాత ఒట్టిగా ముందుకు తోసే కన్వేయింగ్ ఎలిమెంట్లే ఉంటే పని సగంలో ఆగిపోతుంది. స్క్రూ బయటికి లాగి ఒకసారి చూడండి.

చర్లపల్లి_గ్రాన్యూల్స్

సార్, మీరు చెప్పాక స్క్రూ లాగి చూశాను. ఆవిర్లు బయటికి పోయే వెంట్‌కు ముందు ఒక చిన్న నీడింగ్ బ్లాక్ మాత్రమే ఉంది. రెండోది పెడతాను.

డీలర్ మెటీరియల్ మీద నమ్మకం పోయింది. మాలిక్ అన్‌హైడ్రైడ్, డైక్యుమిల్ పెరాక్సైడ్ కొనుక్కుని పీపీకి నేనే గ్రాఫ్టింగ్ చేసుకుంటే? వెంట్ ఉంది, వాక్యూమ్ పంపు మాత్రం పాడైంది.

రిటైర్డ్_కాంపౌండర్

వాక్యూమ్ లేకుండా ఆ పని చేయకండి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను.

మాలిక్ అన్‌హైడ్రైడ్ 53 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, 202 దగ్గర మరుగుతుంది. గ్రాఫ్టింగ్ జరిగేది దాదాపు అదే వేడిలో. వేసిన మాలిక్‌లో చాలా భాగం గొలుసుకు అంటదు, ఆవిరిగా బయటికి రావాలని చూస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కంపెనీలో చూశాను. వెంట్ మీద హుడ్ లేదు, పంపు రిపేరు వాయిదా వేస్తూ వచ్చారు. నైట్ షిఫ్ట్‌లో డై దగ్గర నిలబడ్డ కుర్రాడికి కళ్ళు వాచి తెల్లారేసరికి తెరవలేకపోయాడు. కొన్నాళ్ళకు దగ్గు పట్టుకుంది. ఆ తర్వాత మిషన్ దగ్గరికి వస్తే చాలు ఆయాసం వచ్చేది. మాలిక్ ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోయిందంటే కొంచెం తగిలినా ఆయాసం వస్తుందని డాక్టర్ చెబితే అప్పుడు తెలిసింది మాకు. మనిషి బంగారం లాంటి ఆపరేటర్, ఆ పనే వదిలేయాల్సి వచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది.

పైగా మిగిలిపోయిన మాలిక్ తీసేయకపోతే అది ముందుగా నైలాన్ అమైన్‌ను పట్టుకుంటుంది. చిన్న అణువు కాబట్టి వేగంగా కదులుతుంది. పీపీతో బంధం ఏమీ లేకుండానే అమైన్ ఖర్చవుతుంది. మంచి కంపెనీల వాళ్ళు దాన్ని వాక్యూమ్‌తో లాగి, కొలిచి, అప్పుడే అమ్ముతారు. మనం కొనుక్కోవడమే మేలు.

చర్లపల్లి_గ్రాన్యూల్స్

సార్, మీ మాట తర్వాత ఆ ఆలోచన పూర్తిగా మానేశాను.

మోలౌ టెస్ట్ చేయించాను. తెలిసినాయన ఇంజనీరింగ్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పని చేస్తారు, ఆయనే హుడ్ కింద పెట్టారు. పొద్దున వెళ్ళి చూస్తే కంపాటిబిలైజర్ లేని ట్యూబులో కింద నీళ్ళంత తేట, పైన వేలు మందాన తెల్లటి తెట్టు. ఇది ఊహించిందే. నా 3 శాతం ట్యూబులో వింతగా ఉంది. కింద ద్రవం పలుచటి మజ్జిగలా తెల్లగా ఉంది, కానీ పైన తెట్టు అలాగే ఉంది, కొంచెం తగ్గిందేమో అంతే. దీన్ని ఏమనుకోవాలి? పని చేసినట్టా, చేయనట్టా?

అక్రాన్_పాలిమర్

ఇది చాలా మంచి ఆధారం. తేటగా ఉండి ఉంటే మాలిక్ పాడైందని, లేదా లేనేలేదని అనుకునేవాళ్ళం. తెల్లబడింది కాబట్టి ఏదో ఒకటి నైలాన్‌తో బంధం కట్టింది. కానీ పీపీ చాలావరకు పైకే తేలింది. అంటే నైలాన్‌తో కలిసినది పీపీని పట్టుకోలేకపోతోంది.

మీ కంపాటిబిలైజర్ అసలు పీపీ బేస్‌దేనా? పాలిథిలీన్‌కు అంటుకట్టిన మాలిక్ కూడా మార్కెట్లో బోలెడు దొరుకుతుంది, మీ డీలర్ చెప్పిన పేరు రెండింటికీ సరిపోతుంది. పాలిథిలీన్, పీపీ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ కరిగినప్పుడు కలవవు. ల్యాబ్‌లో డీఎస్‌సీ (ఎంత వేడికి కరుగుతుందో కొలిచే పరీక్ష) చేయిస్తే ఒక్క గంటలో తేలిపోతుంది.

రిటైర్డ్_కాంపౌండర్

బాబు సరిగ్గా పట్టుకున్నాడు. మేం ఈ విషయం చెప్పడానికి వియ్యం పోలిక వాడేవాళ్ళం. పీపీ వాళ్ళ పిల్లను నైలాన్ ఇంటికి ఇస్తేనే రెండిళ్ళకూ చుట్టరికం. ఇక్కడ పిల్ల పాలిథిలీన్ ఇంటిది. నైలాన్‌తో పెళ్ళి జరిగింది, పీపీ వాళ్ళకు మాత్రం ఏ సంబంధమూ లేదు.

డీఎస్‌సీ దాకా వెళ్ళక్కర్లేదు. హాట్ ప్లేట్ 140 డిగ్రీల దగ్గర పెట్టండి. మీద అల్యూమినియం ఫాయిల్ వేసి ఒక పక్క మీ మామూలు పీపీ గింజ, ఒక పక్క కంపాటిబిలైజర్ గింజ పెట్టి పది నిమిషాలు ఆగండి. సూదితో నొక్కి చూడండి. పీపీ బేస్ అయితే గట్టిగానే ఉంటుంది. పాలిథిలీన్ అయితే కరిగి అద్దంలా అవుతుంది.

చర్లపల్లి_గ్రాన్యూల్స్

ఇప్పుడే చేశాను. నాలుగు నిమిషాలకే కంపాటిబిలైజర్ గింజ అంచులు గుండ్రపడ్డాయి. ఎనిమిదికి చదునుగా, నిగనిగలాడుతూ బొట్టులా కూర్చుంది. సూదితో ఎత్తితే దారం సాగింది. పక్కన పీపీ గింజ చెక్కుచెదరలేదు. ల్యాబ్‌లో డీఎస్‌సీ కూడా పెట్టించాను, పీక్ 124 దగ్గర వచ్చింది.

అంటే రెండు నెలలుగా నేను వేస్తున్నది లీనియర్ పాలిథిలీన్ గ్రాఫ్ట్. డీలర్‌కు ఫోన్ చేస్తే “మాలిక్ గ్రాఫ్టెడ్ అడిగారు, మాలిక్ గ్రాఫ్టెడే ఇచ్చాం” అన్నారు. బేస్ ఏమిటని నేను అడగలేదు. ఇకమీదట బేస్, గ్రాఫ్ట్ శాతం, ఎంఎఫ్‌ఐ మూడూ కాగితం మీద రాసిస్తేనే కొంటాను.

కాకినాడ_వలలు

ఈ థ్రెడ్ మొదటి నుంచీ చదువుతున్నాను. ఇప్పుడు నా వంతు అడగడానికి.

మేము కుంభాభిషేకం రేవు చుట్టుపక్కల పాత నైలాన్ వలలు కొని, కడిగి, గ్రాన్యూల్స్ చేస్తాం. సీసం గుండ్లు, బెండ్లు కోసేస్తాం. ఇసుక, ఉప్పు పోయేదాకా మూడు నీళ్ళలో కడుగుతాం. కానీ వల అంచుకు కుట్టిన తాడు ముక్కలు పూర్తిగా రావు. ముళ్ళలో ఇరుక్కుపోతాయి. ఆడవాళ్ళు కూర్చుని ఒక్కొక్కటీ కత్తెరతో తీసినా కొంత మిగులుతుంది. ఆ తాళ్ళు ఎక్కువగా హెచ్‌డీపీఈ, అంటే పాలిథిలీన్‌లో ఒక రకం. గ్రాన్యూల్స్ మౌల్డ్ చేస్తే మాకూ ఇదే గోల, గేటు దగ్గర పొర ఊడటం. చర్లపల్లి గారికి పనికిరాని ఆ మెటీరియల్ మాకు పనికొస్తుందా?

అక్రాన్_పాలిమర్

నూటికి నూరుపాళ్ళు పనికొస్తుంది. మీ దగ్గర విడిగా ఉండే భాగం హెచ్‌డీపీఈ, దానికి కావలసింది పాలిథిలీన్ బేస్ గ్రాఫ్టే. అయితే ముందు తాళ్ళను అదే 140 డిగ్రీల హాట్ ప్లేట్ మీద పరీక్షించండి. పీపీ తాళ్ళు కూడా రేవుల్లో వాడతారు. కరగని తాడు ఎక్కువ ఉంటే ఈ గ్రాఫ్ట్ ఒక్కటే చాలదు.

ఏళ్ళ తరబడి ఎండకు ఎండి, నీళ్ళలో నానిన నైలాన్ గొలుసులు తెగి ఉంటాయి కాబట్టి కొత్త నైలాన్ అంత బలం ఆశించకండి. పొర ఊడటం మాత్రం తగ్గాలి.

బాలానగర్_మౌల్డర్

నాదీ ఒక ప్రశ్న. మా దగ్గర పాలీకార్బొనేట్ స్క్రాప్, ఏబీఎస్ స్క్రాప్ రెండూ ఉన్నాయి. వాటికీ ఇలాంటి గ్రాఫ్ట్ కావాలా?

అక్రాన్_పాలిమర్

ఆ జంటకు సాధారణంగా అక్కర్లేదు. ఏబీఎస్‌లోని స్టైరీన్-యాక్రిలోనైట్రైల్ భాగం, పాలీకార్బొనేట్ పూర్తిగా కలవకపోయినా బాగానే అంటుకుంటాయి. అక్కడ ప్రమాదం వేరు. కొన్ని ఏబీఎస్ గ్రేడుల్లో తయారీ నాటి సబ్బు, క్షారం ఆనవాళ్ళు మిగులుతాయి. అవి వేడిలో పాలీకార్బొనేట్‌ను విరగ్గొడతాయి. తేమ కూడా అంతే, పాలీకార్బొనేట్‌ను 120 డిగ్రీల దగ్గర 4 గంటలు ఆరబెట్టాల్సిందే. ఏబీఎస్‌ను నైలాన్‌తో కలపాలంటే మాత్రం స్టైరీన్-మాలిక్ కోపాలిమర్ లాంటిది కావాలి.

చర్లపల్లి_గ్రాన్యూల్స్

కొత్త కబురు. పీపీ బేస్ గ్రాఫ్ట్ తెప్పించాను, ఈసారి డేటా షీట్‌తో. మొదట హాట్ ప్లేట్ మీద పెట్టాను, 140 దగ్గర కరగలేదు. స్క్రూలో రెండో నీడింగ్ బ్లాక్ పెట్టాను, మొదటి జోన్ 225 చేశాను. వానాకాలం గాలితో హాట్ ఎయిర్ ఆరబెట్టడం దండగని పక్క యూనిట్ వాళ్ళ డీహ్యుమిడిఫైయర్ అడిగి నైలాన్ అందులో వేశాను. గ్రాఫ్ట్ 4 శాతం.

మిషన్ ఎక్కిన పావుగంటకే తేడా కనిపించింది. స్ట్రాండ్ ఉబ్బడం లేదు, వాటర్ బాత్‌లో దారం గీసినట్టు తిన్నగా పోతోంది. షిఫ్ట్ మొత్తంలో ఒక్కసారీ తెగలేదు. టార్క్ (స్క్రూ తిప్పడానికి పట్టే బలం) మాత్రం పెరిగింది. మోలౌ ట్యూబు రాత్రి పెట్టి పొద్దున చూశాను, మొత్తం చిక్కటి పాలలా ఉంది, పైన తెట్టు లేదు. చక్రాల గేటు దగ్గర బ్లేడుతో అడ్డంగా నిలువుగా గీసి సెల్లోటేపు అంటించి లాగాను. ఏమీ రాలేదు. వేడినీళ్ళలో తేమ పట్టించాక సుత్తితో కొడితే పదీ నిలిచాయి. ఎండుగా ఉన్నప్పుడు మాత్రం ఇంకా రెండు పగిలాయి.

రిటైర్డ్_కాంపౌండర్

చాలా సంతోషం. టార్క్ పెరగడం మంచి గుర్తే. గొలుసులు ఒకదానికొకటి ముడిపడితే మెల్ట్ చిక్కబడుతుంది. ఆంపియర్ మీటర్ మీద కన్నేసి ఉంచండి. రేపు ఏ బ్యాచ్‌లోనైనా కరెంటు తగ్గితే, మెటీరియల్ తేడా మౌల్డర్ కన్నా ముందు మీకే తెలుస్తుంది.

ఎండుగా పగిలే ఆ రెండింటి సంగతికి కాస్త రబ్బరు కావాలి. పీపీలో 5 పాళ్ళు తగ్గించి ఆ స్థానంలో మాలిక్ గ్రాఫ్టెడ్ ఎస్‌ఈబీఎస్ అనే రబ్బరు వేసి చూడండి. రేటు ఎక్కువ, అందుకని పార్టీతో ముందే మాట్లాడుకోండి. డ్యూపాంట్ వాళ్ళు 1970ల్లో సూపర్ టఫ్ నైలాన్ తెచ్చింది ఈ దారిలోనే, నైలాన్‌తో బంధం కట్టే మెత్తటి పాలిమర్‌ను సన్నటి బొట్లుగా చల్లి. రబ్బరు బొట్టుకు, బొట్టుకు మధ్య నైలాన్ గోడ 0.3 మైక్రాన్ లోపు ఉంటే ఒక్కసారిగా దెబ్బకు పగలకుండా తట్టుకుంటుందని అదే కంపెనీలో సౌహెంగ్ వూ 1985లో నైలాన్ 66 మీద చూపించారు. అంటే ఎంత రబ్బరు వేశామన్నది ఒక్కటే కాదు, ఎంత సన్నగా చల్లామన్నది కూడా చూడాలి. మీ రెండో నీడింగ్ బ్లాక్ దానికీ పనికొస్తుంది.

కాకినాడ_వలలు

చర్లపల్లి గారూ, మా తాళ్ళు పరీక్షించాం. ఇరవై ముక్కల్లో పదిహేడు 140 దగ్గర కరిగాయి. కరగని మూడూ ముదురు నీలం రంగువి, వాటిని కంటితోనే ఏరేయొచ్చు. మీ దగ్గర మిగిలిన గ్రాఫ్ట్ ఇస్తారా? కొన్న రేటే ఇస్తాను.

చర్లపల్లి_గ్రాన్యూల్స్

తప్పకుండా అన్నా. రెండు నిండు బ్యాగులు, ఒక సగం బ్యాగు ఉన్నాయి. సగం దానికి డబ్బులు వద్దు, అది తెరిచి రెండు నెలలైంది, తేమ పట్టి ఉంటుంది. ముందు దాన్ని ఆరబెట్టి ట్రయల్‌కు వాడుకో. రేపు పొద్దున ట్రాన్స్‌పోర్ట్‌లో వేస్తున్నాను. మూడు బ్యాగుల మీదా మార్కర్‌తో పెద్దగా రాశాను: ‘పాలిథిలీన్ బేస్, 124 డిగ్రీలు, పీపీకి వాడొద్దు.’